కరాటే క్లబ్ అమ్మాయికి అప్పగిస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరంలో ఉంది. ఏడో తరగతి నుంచి కరాటే నేర్చుకుని బ్లాక్ బెల్ట్ తెచ్చుకుంది. నేర్పిన మాస్టారు పెద్దవారైపోయారు, మోకాళ్ల నొప్పులతో నిలబడలేక క్లబ్ నువ్వే చూసుకోమ్మా అంటున్నారు. సాయంత్రం నలభై మంది దాకా పిల్లలొస్తారు. బ్యాంకు కోచింగ్ మానేసి ఇదే చేస్తానంటోంది. పాత శిష్యులేమో మాస్టారికి పెద్ద సన్మానం చేయాలని చందాలు వసూలు చేస్తున్నారు, ఆ పనీ ఈమె నెత్తినే పడింది. ఇది బతుకుదెరువు అవుతుందా అని నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, క్లబ్ తీసుకోమనండి. కానీ క్లబ్ ఒక్కదాని మీదే బతకాలని మాత్రం అనుకోవద్దు, మాస్టారి సంగతి కాగితం మీద తేల్చకుండా తాళంచెవి అందుకోవద్దు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. తలా 500 అనుకుంటే నలభై మందికి నెలకు 20,000. అంతా చేతికి రాదు. మార్చిలో పరీక్షలని సగం మంది మానేస్తారు, దసరాకీ సంక్రాంతికీ ఊళ్లకు పోతారు, మే నెలలో సమ్మర్ క్యాంప్ అని గుంపుగా వచ్చి జూన్‌లో బడి తెరవగానే కనబడరు. అద్దె, మ్యాట్లు, టోర్నమెంటుకు పిల్లల్ని తీసుకెళ్లే ఖర్చు, బెల్ట్ టెస్ట్ ఫీజులో పైసంస్థకు కట్టే వాటా, ఇవన్నీ పోను మిగిలేది ఎంతో పోయిన ఏడాది రసీదులు తెప్పించుకుని మీరే కూర్చుని కూడి చూడండి.

అందుకే పక్కన ఒక చదువు ఉండాలి. డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ చేయొచ్చు, వ్యాయామ విద్యలో రెండేళ్ల కోర్సు. అది ఉంటే డీఎస్సీలో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు పోటీ పడొచ్చు, ప్రైవేటు స్కూళ్లలోనూ పీఈటీగా చేరొచ్చు, సాయంత్రాలు క్లబ్‌కు మిగులుతాయి. అయితే పీఈసెట్‌లో పరుగు, షాట్‌పుట్ లాంటి పరీక్షలుంటాయి, ఒక ఆటలో నైపుణ్యమూ చూస్తారు. బ్లాక్ బెల్ట్ ఉంది కదా అని ధీమాగా ఉండకుండా ఇప్పటినుంచే పొద్దున్నే గ్రౌండ్‌కు వెళ్లమనండి. ఇదేదో రాజీ అనుకుని అమ్మాయి చిన్నబుచ్చుకోవచ్చు. షోటోకాన్ అనే కరాటే పద్ధతికి మూలపురుషుడైన గిచిన్ ఫునకోషి కూడా జపాన్‌లోని ఒకినావాలో ఏళ్ల తరబడి బడిపంతులే, జీతం బడిది, సాధన తన గురువుల ఇంటి దగ్గర. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించేనాటికి ఆయనకు యాభై దాటింది.

అమ్మాయికి ఇంకో దారి కూడా ఉంది. ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12వ తరగతి ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పించడానికి సమగ్ర శిక్షలో రాణి లక్ష్మీబాయి పేరుతో పథకం ఉంది, బడికి నెలకు 5,000 చొప్పున మూడు నెలలు ఇస్తారు. నేర్పేది ఆడమనిషైతే తల్లిదండ్రులకు ధైర్యం. జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసుకు వెళ్లి అడగమనండి.

ఒలింపిక్స్ పేరు చెప్పి పిల్లల్ని చేర్చుకోవద్దని కూడా గట్టిగా చెప్పండి. కరాటే ఉన్నది ఒక్క టోక్యో ఒలింపిక్స్‌లోనే, 2021లో జరిగాయి. పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. ఆసియా క్రీడల్లో మాత్రం 1994 నుంచి ఉంది. మన రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా 3 శాతానికి పెరిగిన మాట నిజమే, కానీ ప్రతి టోర్నమెంటు సర్టిఫికెట్టూ దానికి పనికిరాదు. ఈ సంగతి తల్లిదండ్రులకు మొదటిరోజే చెప్పే క్లబ్ మీదే నమ్మకం నిలుస్తుంది.

ఇక సన్మానం. శాలువా, పూలదండ, మెమెంటో, ఫ్లెక్సీ వద్దనను, పెద్దాయన సంతోషిస్తారు. కానీ వసూలైన చందాలో సగానికి పైగా హాలుకూ భోజనాలకూ పోతే, మర్నాడు ఆయన మోకాళ్లు చూపించుకోవడానికి డబ్బు కోసం వెతుక్కోవాలి. ఇది నాకు మనసుకు కష్టంగా ఉంటుంది అన్నా. ఇన్నేళ్లు పేదపిల్లల దగ్గర ఫీజు అడగకుండా నేర్పిన మాస్టర్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు, వాళ్లకు పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. కాబట్టి చందాలో పెద్ద భాగం ఆయన పేరున బ్యాంకులో వేయండి. క్లబ్ ఆదాయంలో నెలనెలా ఆయనకు ఇంత అని రాసుకోండి, పిల్లలు తగ్గిన నెలలో కూడా తగ్గకుండా. సర్టిఫికెట్ మీద వ్యవస్థాపకుడిగా ఆయన పేరు ఉండాలి, ఓపిక ఉన్నన్నాళ్లు బెల్ట్ టెస్టుకు ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. జీతం లేకుండా చిన్నపిల్లలకు కటాలు (వరుసగా చేసే కరాటే కదలికలు) దిద్దిన సీనియర్లు ఉంటారే, వాళ్లనూ ఆరోజు వేదిక మీదకు పిలవండి, ఇకమీదట వాళ్లకు ఎంతో కొంత ఇవ్వండి.

కాగితం ఎందుకంటే, ఫునకోషి శిష్యులు చందాలు వేసుకుని డోజో (సాధన చేసే హాలు) కట్టి దానికి ఆయన కలం పేరు పెట్టుకున్నంత అభిమానం ఉన్నవాళ్లు. అలాంటిది 1957లో ఆయన పోయాక అంత్యక్రియలు ఎవరు జరిపించాలన్న దగ్గరే వాళ్లు తగువుపడి చీలిపోయారు. మీ క్లబ్‌లో కూడా రేపు ఎవరో ఒక సీనియర్ నేనే అసలు వారసుణ్ణి అంటూ పక్క వీధిలో బోర్డు కట్టొచ్చు.

అందుకని సొసైటీగా రిజిస్టర్ చేయించండి. 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మాస్టారు, అమ్మాయి, ఇద్దరు పాత శిష్యులు, ముగ్గురు తల్లిదండ్రులు చాలు. ఖాతా క్లబ్ పేరున, సంతకాలు ఇద్దరివి. తిరుపతి 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది కాబట్టి, పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అని ఉంటే ముందే సరిచేయించుకోండి. క్లాసు అయ్యాక ఏ పిల్లా ఒంటరిగా ఒక్క మాస్టర్‌తో ఉండకూడదన్నది కూడా రూలుగా రాసిపెట్టండి.

సన్మానానికి గురుపౌర్ణమి బాగుంటుంది. రాధాకృష్ణన్ గారు చిన్నప్పుడు మన తిరుపతి మిషన్ బడిలోనే చదివారు కాబట్టి సెప్టెంబరు 5 మీద మోజు ఉండొచ్చు, కానీ ఆరోజు పిల్లలంతా స్కూల్ ఫంక్షన్లలో ఉంటారు. గురుపౌర్ణమి నాటికి జూన్‌లో చేరిన కొత్త పిల్లలు కుదురుకుని ఉంటారు, వాళ్ల అమ్మానాన్నలకూ ఈ క్లబ్ ఎవరి కష్టమో తెలుస్తుంది.

పీఈసెట్ ఫలితం వచ్చేదాకా బ్యాంకు కోచింగ్ మానొద్దనండి. ఒప్పందం రాసుకునే రోజు మాస్టారి భార్యను కూడా కూర్చోబెట్టండి. నెలకు ఎంత కావాలో ఆయన నోరు తెరిచి అడగరు, ఆమెనే అడగండి.