పాత బ్రిటిష్ కామెడీల మీద ఎవరి మాట నమ్మాలి? – నా జవాబు

'ది స్మాలెస్ట్ షో ఆన్ ఎర్త్' ఆణిముత్యమని ఒకరు, పది నిమిషాలకే కట్టేశామని ఇంకొకరు అంటున్నారు, ఇలాంటి పాత బ్రిటిష్ కామెడీల విషయంలో ఎవరి మాట పట్టుకోవాలి అని అడిగారు. ఎవరి మాటా పట్టుకోకుండా ముందు 'ఓ, మిస్టర్ పోర్టర్!' (1937) చూడండి. గంటన్నర కూడా ఉండదు. మాటల వేగం ఎక్కువ, సబ్‌టైటిల్స్ తప్పనిసరిగా పెట్టుకోండి.

నేనుండేది ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్‌లో. ఈ సినిమాల పిచ్చి నాకు అంటించింది మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. 2015లో మొదలైన టాకింగ్ పిక్చర్స్ టీవీ అనే చానల్లో ఇలాంటివే వస్తుంటాయి. ఏది వచ్చినా చూడమని మెసేజ్ పెడతాడు. చూశాక సగం సినిమాల దగ్గర మా ఇద్దరికీ కుదరదు. ఆ వాదనల్లో నాకు అర్థమైందేమిటంటే, ఈ పేరు కింద రెండు రకాల సినిమాలు కలిసిపోయాయి. కొన్ని ఒక స్టార్ చుట్టూ అల్లినవి. ఆ స్టార్ మీకు నచ్చకపోతే సినిమాలో ఇంకేమీ మిగలదు. ఇంకొన్ని ఒక చోటు గురించి, అక్కడ జరిగే పని గురించి తీసినవి. నా ఓటు ఎప్పుడూ ఈ రెండో రకానికే.

'మిస్టర్ పోర్టర్'లో విల్ హే పెద్ద స్టారే, కానీ సినిమా మాత్రం స్టేషన్‌ది. ఏ పనీ చేతకాని రైల్వే మనిషి, చుట్టరికం పలుకుబడితో ఉత్తర ఐర్లండ్‌లో ఒక మారుమూల స్టేషన్‌కి మాస్టర్‌గా వస్తాడు. వచ్చి టికెట్ కిటికీ తడితే లోపలి నుంచి అక్కడ పనిచేసే ముసలి హార్‌బాటిల్ తల బయటపెట్టి "తర్వాతి రైలు వెళ్లిపోయింది!" అని అరిచి ఠక్కున మూసేస్తాడు. ఆ ఉద్యోగం, ఆ ఊరు, ఆ లైను ఎలాంటివో అక్కడే తెలిసిపోతుంది. హార్‌బాటిల్ వేసిన మూర్ మారియట్ నిజానికి విల్ హే కంటే మూడేళ్లే పెద్ద, ఆ నడక చూస్తే నమ్మలేం. షూటింగ్ జరిగింది మా ఊరి పక్కనే, క్లిడ్స్‌డెన్ స్టేషన్‌లో. 1901లో వేసిన ఆ లైనులో 1932లో ప్యాసింజర్ రైళ్లు, 1936లో గూడ్స్ ఆగిపోయాయి. మరుసటి ఏడాదే వీళ్లొచ్చి కెమెరా పెట్టారు. అంటే తెరమీద కనిపించే పాడుబడ్డ వాలకం అంతా సెట్టు కాదు. (విల్ హే ఖగోళ శాస్త్రంలో కూడా గట్టివాడు. 1933లో శని గ్రహం మీద ఒక తెల్లమచ్చను కనిపెట్టాడు.)

రైలు సినిమాల్లో చాలామంది చెప్పే ఇంకో పేరు 'ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్' (1953). ఊరివాళ్లే బ్రాంచి లైను నడుపుకోవడం దాని కథ. వేల్స్‌లో వాలంటీర్లు 1951 నుంచి నడిపిస్తున్న టాలిలిన్ రైల్వేని చూసి పుట్టిన ఆలోచన. రంగులు బాగుంటాయి, 1838 నాటి 'లయన్' ఇంజన్ నిజంగా నడుస్తూ కనిపిస్తుంది. కానీ పోటీకొచ్చే బస్సువాళ్లు మరీ ఉత్త దొంగలు, బస్సు ఎక్కే జనానికీ ఒక న్యాయం ఉంటుందన్న ఊసే లేదు. రైళ్ల అభిమానులు ఒప్పుకోరు గానీ, ఈ సినిమా తేలికైనదే.

ఇక స్టార్ చుట్టూ అల్లినవాటిలో, పాటలు పాడే హాస్యనటుడు జార్జ్ ఫార్మ్‌బీ దగ్గర పెద్దాయనకూ నాకూ అసలు పడదు. 'నో లిమిట్' (1935) ఐల్ ఆఫ్ మాన్ బైకు రేసుల కథ, ఆ ద్వీపంలో ఫార్మ్‌బీకి విగ్రహం కూడా ఉంది. పెద్దాయన చిన్నప్పుడు ఇంట్లో ఆ పాటలే మోగేవట. అలా పెరగని నాకు రేసు సీన్లు తప్ప మిగతాది ఎక్కలేదు. ఇలాంటి ఇంకో హాస్యనటుడు నార్మన్ విజ్డమ్‌ని ఇక్కడి విమర్శకులు చిన్నచూపు చూశారు, అల్బేనియాలో మాత్రం జనం నెత్తిన పెట్టుకున్నారు.

ఇక మీరడిగిన 'ది స్మాలెస్ట్ షో ఆన్ ఎర్త్' (1957). క్లైమాక్స్ కూడా చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి. ఒక యువ జంటకి వారసత్వంగా పాత సినిమా హాలు వస్తుంది, రెండు రైలు వంతెనల మధ్య ఇరుక్కుని. రైలు పోయినప్పుడల్లా హాలంతా వణుకుతుంది. నవ్వు రాలేదన్నవాళ్లు ఆ జంటనే చూస్తూ కూర్చుని ఉంటారు. చూడాల్సింది హాలుతో పాటు వచ్చిన ముగ్గురు ముసలి ఉద్యోగుల్ని. ఆపరేటర్ వేషం పీటర్ సెల్లర్స్‌ది, అప్పటికి ముప్పై దాటాయో లేదో.

మా నాన్న ఒకప్పుడు గుంటూరు జిల్లాలో చిన్న హాల్లో ఆపరేటర్. ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనకి ఇది చూపించాను. ఇంగ్లీషు మాటలు సగం పట్టుబడలేదు, ఆయన నవ్వనూ లేదు. సెల్లర్స్ మెషిన్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా మాత్రం ముందుకు వంగి ఆ చేతులే చూశారు. "వీడికి మెషిన్ మీద ప్రేమ ఉంది" అన్నారు. ఎడారి సీను నడుస్తుండగా హాల్లో వేడి పెంచి కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు అమ్మే చోట నేను నవ్వితే, ఇంటర్వెల్ అమ్మకాలే కొన్నిసార్లు జీతాలిచ్చేవని చెప్పారు. హాలు మూసేశాక ఆ ముగ్గురూ తమ కోసమే 1923 నాటి మూకీ సినిమా వేసుకుంటారు, టికెట్లమ్మే ఆవిడ వేషంలోని మార్గరెట్ రూథర్‌ఫర్డ్ పియానో వాయిస్తుంది. అది చూసి ఇది వట్టి కామెడీ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

గొడవంతా ముగింపు మీద. ఆ ముగ్గురిలో ఒకడు, కొత్త యూనిఫాం కోసం కలలు కనే ముసలి టామ్, పోటీగా ఉన్న పెద్ద హాలుని తగలబెట్టేస్తాడు. అదొక్కటే దారి కదా అన్నట్టు మాట్లాడతాడు. సినిమా అంత మెత్తగా నడిచి చివర్లో నేరాన్ని నవ్వులో కలిపేయడం పెద్దాయనకి గిట్టదు. నాకైతే ఆ మొరటుతనమే నచ్చింది. జీవితమంతా ఒక్క హాలుకే అంటిపెట్టుకున్న మనిషి ఎంతకైనా తెగిస్తాడని చూపించకపోతే సినిమా చప్పగా ఉండేది. మా నాన్న పెద్దాయన పక్షమే, కానీ కారణం వేరు. కేబిన్‌లో పనిచేసినవాడెవడూ ఇంకో హాలు కాలిపోతే ఊరుకోడు, పరిగెత్తుకెళ్లి నీళ్లు పోస్తాడు అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.