చార్జీ, చార్జింగ్, లాఠీచార్జి: అన్నీ ఒకే మాటా?

ప్రశ్న: నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. పదో తరగతిలో కరెంటు పాఠం చెబుతూ 'ఆవేశం' (ఇంగ్లిష్‌లో ఎలక్ట్రిక్ చార్జ్) అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఒక అబ్బాయి లేచి, "టీచర్, ఫోన్ చార్జింగ్, బస్సు చార్జీ, లాఠీచార్జి, చార్జిషీటు, అన్నిట్లో ఉన్నది ఒకే ఇంగ్లిష్ మాట కదా, మరి తెలుగులో ఒక్కోచోట ఒక్కో మాట ఎందుకు?" అని అడిగాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. వీటన్నిటికీ సరిపోయే ఒక్క తెలుగు మాట ఉందా? అలాగే చార్జీ అని రాయాలా, ఛార్జీ అని రాయాలా? (సూర్యాపేట నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

సమాధానం: టీచర్ గారూ, ముందు ఆ అబ్బాయిని నా తరఫున మెచ్చుకోండి. చాలామంది పెద్దవాళ్లకి కూడా తట్టని ప్రశ్న అది.

అవును, అన్నీ ఒకే మాట. దాని పుట్టుక బండి దగ్గర ఉంది. లాటిన్‌లో కర్రుస్ అంటే సామాను మోసే బండి. ఆ మాటని లాటిన్ వాళ్లు గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) ప్రాంతపు కెల్టిక్ జనం దగ్గర తీసుకున్నారు. దాన్నుంచి కర్రికారే అన్న క్రియ పుట్టింది, బండికి సరుకు ఎత్తడం అని దానికి అర్థం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి చార్జ్ అయింది. కారు, కార్గో, క్యారీ అన్నీ ఆ ఇంటివే. కార్టూనిస్టులు గీసే క్యారికేచర్ కూడా అక్కడిదే, ఇటాలియన్ దారిలో వచ్చింది: ముక్కుకో చెవులకో ఉన్నదానికంటే ఎక్కువ బరువు ఎక్కించి గీసిన బొమ్మ.

కాబట్టి మూల అర్థం బరువు ఎత్తడం. ఎవరి మీద, ఏం బరువు అన్నదాన్ని బట్టి మిగతా అర్థాలన్నీ వచ్చాయి. మనిషి మీద డబ్బు కట్టాల్సిన బరువు పెడితే చార్జీ, నేరం బరువు పెడితే చార్జిషీటులోని చార్జి, ఒక ఆఫీసు బరువు భుజాన వేస్తే ఇన్‌చార్జి. దించేస్తే డిశ్చార్జి. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయ్యారన్నా, కోర్టు ఒక నిందితుణ్ణి కేసు నుంచి డిశ్చార్జి చేసిందన్నా బరువు దిగడమే.

ఇక్కడ మీరు క్లాసులో తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఈ దారి ఇంగ్లిష్ వాళ్లే కాదు, మన భాష కూడా తనంతట తను నడిచింది. మోపు అన్న మాట చూడండి. గడ్డిమోపు, కట్టెలమోపు అంటే నెత్తిన పెట్టుకునే బరువు. అదే మోపు క్రియగా ఏం చేస్తోందో చూడండి: నేరం మోపారు, నింద మోపారు, పన్నులు మోపారు, బాధ్యతంతా పెద్దకొడుకు మీద మోపారు. పత్రికల్లో రోజూ కనిపించే 'ఉక్కుపాదం మోపుతాం' కూడా ఉంది కదా, అందులో మీద పడి అణచడం కూడా వచ్చేసింది. బండి మాట నుంచి ఇంగ్లిష్ నాలుగు వీధులు తిరిగి చేరిన చోటికి మన మోపు కట్టెలు మోసుకుంటూ వెళ్లింది. ఎవరి దగ్గరా అరువు తేలేదు, కంటి ముందు కనిపించిన బరువే రెండు జాతులకీ ఒకే ఊహ ఇచ్చింది. నాకు భాషలో ఇంతకంటే సంతోషం కలిగించే విషయాలు తక్కువ.

'చార్జీల మోత' అని హెడ్డింగులు పెడతారు చూడండి, మోయడం నుంచి వచ్చిన మోతే అయి ఉండొచ్చు అది. మూలంలోకి వెళ్లి చూస్తే బరువుల బరువు అన్నట్టే.

లాఠీచార్జి సంగతి కొంచెం వేరు. యుద్ధంలో శత్రువు మీదికి దూకడాన్ని ఇంగ్లిష్‌లో చార్జ్ అన్నారు. తుపాకికి మందు ఎత్తి సిద్ధం చేసుకోవడం అన్న అర్థం నుంచి అది వచ్చి ఉండొచ్చని నిఘంటుకారుల ఊహ. దానికి హిందీ లాఠీని అతికించి మన దేశంలోనే తయారుచేసుకున్న మాట లాఠీచార్జి. తెలుగులో లాఠీలతో విరుచుకుపడ్డారు అంటే చాలు, ఇంకా బాగా తెలుస్తుంది కూడా. చార్జ్ అన్న మాటకున్న రెండు అర్థాలు ఒకే రోజు ఎదురెదురుగా నిలబడిన సందర్భం మన చరిత్రలోనే ఉంది: 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో. పెంచిన కరెంటు చార్జీలు తగ్గించాలని జనం వచ్చారు, వాళ్ల మీద లాఠీచార్జి జరిగింది, తర్వాత పోలీసులు కాల్పులు జరిపితే మనుషులు చనిపోయారు. ఆ రోజుల్లో పత్రికలు చదివినవాళ్లకి ఈ రెండు మాటలూ పక్కపక్కనే గుర్తుంటాయి.

ఇక మీ పాఠంలోని ఆవేశం. తుపాకికి మందు దట్టించడం కూడా బరువు ఎత్తడమే కాబట్టి దాన్నీ చార్జ్ అనేవాళ్లు. 1740ల్లో లేడెన్ జాడీ అనే గాజుసీసాలో విద్యుత్తుని నింపడం నేర్చుకున్నాక, అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ లాంటివాళ్లు దానికీ ఇదే మాట వాడారు. అలాంటి జాడీలు కొన్ని వరసగా కలిపి పెట్టినదానికి ఫ్రాంక్లిన్ పెట్టిన పేరే బ్యాటరీ, అది ఫిరంగుల వరసకి ఉన్న పేరు. అంటే మీ ఫోనులోని బ్యాటరీ, చార్జింగ్ రెండూ ఆయుధాల వైపు నుంచే వచ్చాయి.

మన శాస్త్ర పరిభాష చేసినవాళ్లు మాత్రం బరువు ఊహ తీసుకోలేదు. సంస్కృతంలో 'ఆవేశం' అంటే లోపలికి ప్రవేశించడం, దేవుడో దయ్యమో మనిషిలో చేరడాన్ని ఆవేశించడం అంటాం. అలాగే వస్తువులో విద్యుత్తు చేరి కూర్చుంటే విద్యుదావేశం. ఇంగ్లిష్ వాళ్లకి అది ఎత్తిన బరువు, మనవాళ్లకి పూనకం. మంచి మాట, నాకు నచ్చుతుంది. కానీ ఇప్పటి పిల్లలకి ఆవేశం అంటే కోపం, ఉద్రేకం ఒక్కటే తెలుసు, అందుకే క్లాసులో నవ్వొస్తుంది. పూనకం అర్థం ముందు చెప్పి, ఆ తర్వాత ధనావేశం, రుణావేశం అని చెప్పి చూడండి, మాట మనసులో నిలబడుతుంది. ఫోను డబ్బా మీద 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) అని ఉంటుంది కదా, అది ఆవేశానికి కొలతే, ఆవేశాన్ని కొలిచే యూనిట్ అయిన కులూంబుల్లో లెక్క వేస్తే 18,000. పిల్లల చేతే వేయించండి.

అలాగని 'ఫోన్‌కి ఆవేశం పెట్టు' అని ఎవరూ అనరు, అనకూడదు కూడా. చార్జింగ్ మన మాట అయిపోయింది. పైగా దాని పక్కన మనవాళ్లు వాడే క్రియ గమనించండి: చార్జింగ్ ఎక్కుతోంది, చార్జింగ్ ఎక్కట్లేదు, చార్జింగ్ దిగిపోయింది. లారీకి సరుకు ఎక్కిస్తాం, రోగికి రక్తం ఎక్కిస్తాం, ఫోనుకి చార్జింగ్ ఎక్కిస్తాం. లాటిన్ బండి గురించి ఒక్క ముక్క తెలియని మా పక్కింటి అవ్వ కూడా 'ఫోను ఎక్కిందేమో చూడరా' అంటుంది. ఆ మాటకి ఎన్నో వందల ఏళ్లనాటి అర్థాన్ని ఆమె నోరు సరిగ్గా తిరిగి ఇచ్చేసింది.

మరి ఒక్క తెలుగు మాట ఉందా అంటే, లేదు, వెతకొద్దు. మోపు కొన్నిటికి, ఎక్కు కొన్నిటికి సరిపోతాయి, మిగతావాటికి ఆయా పనికి ఉన్న మాట వాడాలి. ఒక్క మాట కోసం పట్టుబడితే ఏమవుతుందో ఫోన్ యాప్‌లలో చూస్తున్నాం. ఒకదాంట్లో 'మీకు ఛార్జ్ చేయబడదు' అని కనిపించింది, ఇంకోదాంట్లో డబ్బుల విషయంలోనే 'మీపై అభియోగం మోపబడదు' అని ఉంది. అది చదివిన మనిషికి కేసు పెడతారేమో అని టెన్షన్ రాదా? 'డబ్బులు తీసుకోం' అని రాస్తే అయిపోయేది. ఎవరో వాక్యం చదవకుండా మాటకి మాట పెట్టారు. ఇది చిన్న తప్పు కాదు, ఇంగ్లిష్ రానివాళ్లు నమ్ముకునేది ఆ తెలుగు వాక్యాన్నే.

బస్సు, ఆటోల దగ్గర అయితే చార్జీ కంటే ముందు నుంచీ మనకి మాటలున్నాయి. తెలంగాణలో కిరాయి, రాయలసీమలో బాడుగ. కొంచెం తేడా ఉంది, బండి మొత్తం మాట్లాడుకుంటే కిరాయి, బాడుగ అనడం ఎక్కువ, బస్సులో మనిషికింత అని ఇచ్చేది చార్జీ. ఆ తేడా ఉపయోగపడేదే, ఉంచుకుందాం. ఆఫీసుల్లో 'చార్జ్ తీసుకున్నారు' అన్నదానికి బాధ్యతలు తీసుకున్నారు అనేది బాగా కుదిరింది. ఇన్‌చార్జి అన్నది మాత్రం మన దగ్గర తాత్కాలికంగా చూసేవాళ్లు అన్న అర్థంలోకి కూడా జరిగింది, ఇన్‌చార్జి కలెక్టర్ అంటే అసలు కలెక్టర్ వచ్చేదాకా అనే మనకి తోస్తుంది.

చార్జిషీటుని అభియోగపత్రం అంటున్నారు, సరైనదే. అయితే ఒక జాగ్రత్త: అభియోగపత్రం వేసేది పోలీసులు, అభియోగాలు ఖరారు చేసేది కోర్టు. 'పోలీసులు అభియోగాలు ఖరారు చేశారు' అని వార్తల్లో వస్తుంటుంది, అది తప్పు. ఆరోపణ వేరు, అది ఎవరైనా చేయొచ్చు.

చివరగా చ, ఛ. నా ఓటు చార్జీకే. ఒత్తు పలికే ఛ మనకి ఛందస్సు, ఛత్రం లాంటి సంస్కృత పదాల్లో ఉంది, ఈ ఇంగ్లిష్ మాటకి దాని అవసరం లేదు. మరి అంతమంది ఛ ఎందుకు రాస్తున్నారు? ఇంగ్లిష్ స్పెల్లింగులో సి పక్కన హెచ్ చూసి కొందరు రాస్తారు. నాకు తోచే ఇంకో కారణం ఉంది. చాప, చాలు, చుక్క అన్నప్పుడు మన చ పళ్ల దగ్గర పలుకుతుంది, చిలక, చెట్టు అన్నప్పుడు అంగిలి దగ్గర. చా అని రాస్తే చాప లాగా చదువుతారేమో అన్న జంకుతో, వేరే ధ్వని అని చూపించడానికి ఛా రాసి ఉంటారు. ఆ జంకు అక్కర్లేదు, చారిత్రక అన్న మాటని మనం చాప లాగా చదవడం లేదు కదా. ఛ రాసినవాళ్ల పేపరులో మాత్రం మార్కులు తీయకండి, పెద్ద పత్రికల్లోనే రెండు రకాలూ ఉన్నప్పుడు పిల్లల్ని తప్పు పట్టడం న్యాయం కాదు.