ఫీల్డు సిబ్బందికి నాయకత్వ శిక్షణ: వర్క్‌షాపుకు పంపే ముందు బడ్జెట్ చేతికివ్వండి

మీది జిల్లా స్థాయి చిన్న స్వచ్ఛంద సంస్థ. వ్యవస్థాపకులకు వయసు మీద పడుతోంది, సమన్వయకర్తల్లో ఇద్దరు ముగ్గురిని రేపటి బాధ్యతలకు తయారు చేయాలి. హైదరాబాద్‌ వర్క్‌షాపుకు పంపితే సరిపోతుందా, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అని అడిగారు. తెలంగాణలో బాలికల చదువు మీద పనిచేసే సంస్థలో చాలా ఏళ్లుగా కార్యక్రమాలు చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

పంపండి. కానీ ముందు కాస్త అధికారం ఇచ్చి పంపండి. ఫోల్డరు, సర్టిఫికెట్, గ్రూపు ఫొటోతో తిరిగొచ్చిన మనిషి మర్నాడు జిరాక్సు బిల్లుకు కూడా డైరెక్టరు గారి సంతకం కోసం కాచుకోవాలంటే, ఆ నేర్చుకున్నది ఎక్కడ వాడాలి?

మేం మండల సమన్వయకర్తలకు వాళ్ల మండలం బడ్జెట్ కాగితమే ఇచ్చేశాం. ఏ పద్దుకు మంజూరు ఎంత, ఖర్చు ఎంత, మిగులు ఎంత అన్నది నెలవారీ సమీక్షలో అకౌంటెంట్ బదులు వాళ్లే చెప్పాలి. మొదట్లో ఎక్కాలు అప్పజెప్పినట్టు అంకెలు చదివేవాళ్లు. 2023 డిసెంబరులో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. కొన్నాళ్లకు ఒక సమన్వయకర్త ప్రయాణ పద్దు దగ్గర ఆగి, "మన టీచర్లందరూ జీరో టికెట్ మీదే వస్తున్నారు మేడం. ఈ డబ్బు మార్చిలో వెనక్కి పంపే బదులు పిల్లల పుస్తకాలకు వాడుకోవచ్చా?" అంది. అకౌంటెంటుకు తట్టని ప్రశ్న అది. దాతకు ఉత్తరం ఆమె చేతే రాయించాం. పద్దు మార్చాలంటే ముందుగా అనుమతి ఎందుకు తీసుకోవాలో ఆ ఉత్తరంతోనే ఆమెకు తెలిసింది. సగం మొత్తానికే ఒప్పుకున్నారు, అది వేరే సంగతి.

ఇలా పనిలోనే నేర్చుకోవడం పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో చూడాలంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో మొదలైన వెలుగు అనే గ్రామీణ పేదరిక నిర్మూలన పథకం ఉంది. స్వయం సహాయక సంఘాల్లో పనిచేసి రాటుదేలిన మహిళలే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా ఇతర ఊళ్లకు వెళ్లి, అక్కడే మకాం వేసి కొత్త సంఘాలు పెట్టించారు. తర్వాత బిహార్ దాకా వెళ్లారు. అది ప్రభుత్వ కార్యక్రమమే అయినా పద్ధతి మనకూ పనికొస్తుంది. మీ మనిషిని బాగా పనిచేసే మరో సంస్థలో వారం పది రోజులు ఉంచండి. హోటలు హాలు అద్దెకన్నా చవక.

చట్టం, లెక్కల విషయంలో మాత్రం బయటి నిపుణులే కావాలి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏకు, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి, చేసిన సవరణతో విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది, ఆ నిధులను మరో సంస్థకు ఇవ్వడం నిషిద్ధమైంది. ఇలాంటివి చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. కోర్సులంటారా, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ (ఎన్‌ఐఆర్‌డీపీఆర్), గుజరాత్‌ ఆనంద్‌లోని గ్రామీణ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఇర్మా వంటివి ఉన్నాయి. ఏ భాషలో చెబుతారో ముందే అడగండి. ఊళ్లో సర్పంచిని నిలదీసే అమ్మాయి ఇంగ్లిషు హాల్లో నోరు విప్పలేదని "చొరవ తక్కువ" అని నివేదిక రాసిన శిక్షకుణ్ని చూశాను. నాకు ఇప్పటికీ కోపమే.

డబ్బు సంగతి: కంపెనీల చట్టం 2013, 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు, అంటే సామాజిక బాధ్యత కింద చేసే పనులకు, ఖర్చు చేయాలి. వాళ్లకు ప్రతిపాదన రాసేటప్పుడే ప్రాజెక్టు సిబ్బంది శిక్షణను విడి పద్దుగా, దేనికో వివరిస్తూ చూపండి. మంజూరయ్యాక అడిగితే దొరకడం కష్టం.

నేర్చుకున్నాక వెళ్లిపోతారేమో అని మీ వ్యవస్థాపకులు సందేహిస్తారు. కొందరు వెళ్తారు. జీతం పెంచకుండా బాధ్యతలు మాత్రమే పెంచితే ఇంకా త్వరగా వెళ్తారు.

ఈ నెల పాలకవర్గ సమావేశంలోనే, సమన్వయకర్త ఎవరినీ అడగకుండా ఎంతవరకు ఖర్చు చేయవచ్చో, ఏయే నిర్ణయాలు తీసుకోవచ్చో తీర్మానం చేయించి మినిట్స్‌లో రాయించండి. నోటిమాటగా వదిలేస్తే ఆడిటర్ అభ్యంతరం పెట్టిన రోజున ఇరుక్కునేది ఆ సమన్వయకర్తే.