కార్డులు కత్తిరించానని మావారు మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మావారు రిటైరయ్యారు. పెళ్లైన నాటి నుంచీ చూస్తున్నాను, పాత పోస్టుకార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు దాచుకుంటూనే ఉన్నారు. సెలవులకు వచ్చిన మనవడు స్కూలు ప్రాజెక్టుకు స్టాంపులు కావాలంటే, ఒక కట్టలోంచి పద్నాలుగు కార్డుల మీద బొమ్మలు కత్తిరించి ఇచ్చాను. మూడు వారాలైంది, ఆయన నాతో మాట్లాడటం లేదు. వాడికీ ఫోన్ చేయలేదు. సెల్లోటేపుతో అతికిస్తే సరిపోతుందా? కాగితం ముక్కల కోసం ఇంత పంతమా?

సలహా: ముందు ఆ సెల్లోటేపు పక్కన పెట్టండమ్మా. దాని జిగురు కొన్నాళ్లకు పసుపు మరకై కాగితంలోకి దిగిపోతుంది. మనవడి దగ్గరున్నవి తెప్పించి, ఏ ముక్క ఏ కార్డుదో చూసి, రెండూ కలిపి కాగితం కవర్లో పెట్టండి.

ఆయనకు ఎందుకంత నొప్పి కలిగిందో చెబుతాను. మామూలు స్టాంపు విడిగా అంటించేది. నీళ్లలో నానబెట్టి తీసి ఆల్బంలో పెట్టుకోవచ్చు. పోస్టుకార్డు మీద స్టాంపు అలా కాదు, కార్డు మీదే అచ్చు వేస్తారు. మన దేశంలో పావు అణా కార్డు 1879లో వచ్చింది, ఇన్‌లాండ్ లెటర్ 1950లో. వీటిని సేకరించేవాళ్లకు కార్డు మొత్తం కావాలి. ఆ అచ్చు, ఊరి ముద్ర, తేదీ, అడ్రసు, వెనక ఎవరో రాసిన క్షేమ సమాచారం, అన్నీ. బొమ్మ కత్తిరిస్తే వెనక రాసిన మాటలు కూడా తెగిపోతాయి. పాత రోజుల్లో ఆల్బంల కోసం చాలామంది ఇలాగే కత్తిరించేశారు. అందుకే నిండు కార్డంటే వాళ్లకు అంత ప్రాణం.

కాబట్టి "కాగితం ముక్కలు" అని ఆయన ముందు అనకండి. మనవణ్ని మధ్యలోకి తేకుండా, "తెలియక పాడుచేశాను, క్షమించండి" అని చెప్పండి. వేరేవి కొనిస్తానని మాత్రం అనొద్దు. అదే చేతిరాత, అదే ఉత్తరం మళ్లీ దొరకవు.

అయితే తప్పంతా మీ మీద వేయలేను. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, అది కత్తిరించకూడని వస్తువని మీకు తెలియలేదంటే, ఆయన ఏనాడూ పక్కన కూర్చోబెట్టుకుని చూపించలేదన్నమాట. కార్డులు పోయినదానికన్నా నాకు ఇదే ఎక్కువ బాధనిపించింది.

ఇక్కడి నుంచి ఆయన చేత చదివించండి. అయ్యా, మీ కోపం న్యాయమే. కానీ పిల్లాడు స్టాంపులు అడిగింది తాతయ్య దగ్గర ఉంటాయని తెలిసే కదా. మూడు వారాలుగా మీ ఫోన్ రాకపోతే, గొడవంతా తనవల్లేనని వాడికి అనిపిస్తుంది. ఈ రాత్రికే ఫోన్ చేయండి. వచ్చే సెలవుల్లో ఒక కార్డు వాడి చేతికిచ్చి, ఏ ఊళ్లో ముద్ర పడిందో, ఎన్ని రోజులకు చేరిందో చదివించండి. అప్పుడు మీ ఆవిడను కూడా పక్కకు పిలవండి.