సెకండ్‌హ్యాండ్ కారు: ఇంజిన్ మాట వదిలి మీటర్ సంగతి పట్టుకోండి

ప్రశ్న: మాది హైదరాబాద్ అంబర్‌పేట. మా నాన్నగారిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లడం కోసం, అమ్మ నగలు కుదువపెట్టి, 2024 జూన్ 14న కూకట్‌పల్లిలోని ఒక కార్ల కన్సల్టెన్సీలో రూ. 4.85 లక్షలకు పాత కారు కొన్నాను. అందులో లక్షన్నర నగదుగా ఇచ్చాను, దానికి రసీదు లేదు. ఐదు నెలలకే ఇంజిన్ పట్టేసింది. బయటి మెకానిక్‌తో రూ. 92 వేలు పెట్టి బాగు చేయించాను. పాత విడిభాగాలు అతనే తుక్కు కింద తీసుకున్నాడు. రసీదు మీద 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది, తర్వాత కంప్లయింట్లు చెల్లవు' అని ఉందంటూ కన్సల్టెన్సీ వాళ్లు పొమ్మన్నారు. 2022లోనే ఈ బండి 1,12,000 కిలోమీటర్లు తిరిగినట్టు తమ కంప్యూటర్‌లో ఉందని మొన్న ఫిబ్రవరిలో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. నేను కొన్నప్పుడు మీటర్‌లో 64 వేలే ఉంది. ఆర్‌సీ ఇంకా నా పేరుకు మారలేదు. బండి ఎవరికైనా అమ్మేయమని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరమంతా ఇంజిన్ చుట్టూ తిరిగింది. మీ కేసును నిలబెట్టేది మాత్రం చివర్లో దాటవేసిన మీటర్ సంగతే. పాత బండి ఇంజిన్ ఐదు నెలలకు చెడితే, ఆ లోపం అమ్మిన రోజుకే ఉందని నిరూపించే భారం కొన్నవారి మీద ఉంటుంది. వస్తువును పరీక్షకు పంపించే వీలు వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్‌లో ఉన్నా, ఫొటో తీయకుండా, అవతలి వారికి ఒక్క నోటీసైనా ఇవ్వకుండా ఇంజిన్ విప్పించి, అరిగిన భాగాలను తుక్కు కింద మెకానిక్‌కే వదిలేశాక పరీక్షకు పంపడానికి మీ దగ్గర ఏముంది? ఆ 92 వేలు అడగండి, తప్పులేదు, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి.

మీటర్ విషయంలో ఆ చిక్కు లేదు. అమ్మేముందు వాళ్లు చెప్పిన సంఖ్య ఒకటి, కంపెనీ రికార్డులో ఉన్న సంఖ్య మరొకటి. సరుకు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం చట్టంలోని 2(47) సెక్షన్ ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న మాట సహజమైన అరుగుదలకు వర్తిస్తుందే తప్ప, చెప్పిన అబద్ధానికి రక్షణ కవచం కాలేదు. అందువల్ల 64 వేలు తిరిగిందని వాళ్లు వాట్సాప్‌లో పంపిన మెసేజ్ గానీ, ప్రకటన గానీ, మీటర్ కనిపించే ఫొటో గానీ మీ ఫోన్‌లో ఉందేమో ఇవాళే వెతకండి. దొరికితే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకుండా ఆ ఫోన్‌నే భద్రంగా ఉంచండి. ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, ఆ ఎలక్ట్రానిక్ రికార్డు అసలైనదేనని తెలిపే ధ్రువపత్రం జతచేస్తే అవతలి వకీలుకు అభ్యంతరం చెప్పే చోటుండదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు నోటితో చెప్పింది సాక్ష్యం కాదు. చాసిస్ నంబరు, తేదీ, కిలోమీటర్లు ఉన్న జాబ్ కార్డు (బండి సర్వీసుకు వచ్చినప్పుడు రాసే పత్రం) నకలు కావాలి. సాధారణంగా దాన్ని రిజిస్టర్డ్ యజమాని అడిగితేనే ఇస్తారు, మీరేమో దాదాపు రెండేళ్లుగా వేరొకరి పేరు మీద ఉన్న బండి నడుపుతున్నారు! ఇది క్షమించరాని అజాగ్రత్త. బదిలీకి చట్టం మీకిచ్చిన గడువు 30 రోజులే. ఈలోగా బండికి ప్రమాదం జరిగి ఉంటే, మీ పేరు లేని పాలసీ మీద సొంత నష్టం క్లెయిమ్‌ను బీమా కంపెనీ తిరస్కరించేది. 29, 30 ఫారాలతో ముందు ఆర్‌సీ మార్పించుకోండి. అప్పటికీ సర్వీస్ సెంటర్ కదలకపోతే, ఆ రికార్డు తెప్పించమని మీ ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్‌నే కోరవచ్చు, ఆ అధికారం దానికి ఉంది.

పాత యజమానిని శత్రువుగా చూడకండి. తాను ఎన్ని కిలోమీటర్ల దగ్గర బండి అప్పగించాడో ఆయన ఒక అఫిడవిట్ ఇస్తే, 'మేం మధ్యవర్తులం మాత్రమే' అనే కన్సల్టెన్సీ వాదన సగం కూలిపోతుంది. ఆయన ఇవ్వనంటే రెండో ప్రతివాదిగా చేర్చండి.

గడువు మాటకు వద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంగతి) తలెత్తిన రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. మోసం బయటపడింది ఫిబ్రవరిలో కనుక అప్పటి నుంచే లెక్కించాలని వాదించవచ్చు, ఆలస్యాన్ని మన్నించమనీ కోరవచ్చు. అయితే చేతిలో సమయం ఉండగా ఆ వాదన మీద ఆధారపడడం తెలివైన పని కాదు. కొన్న తేదీ నుంచే లెక్కపెట్టుకుని 2026 జూన్ 14 లోపే దాఖలు చేయండి. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన, 'చూద్దాం, మాట్లాడదాం' అని వాళ్లు తిప్పినంత మాత్రాన గడువు పెరగదు. పోలీసు ఫిర్యాదు చేసినా అంతే.

మీ బావమరిది సలహాను మాత్రం గట్టిగా తోసిపుచ్చండి. మీటర్ తప్పని తెలిసి కూడా ఆ సంఖ్య చూపించి అమ్మితే, మీకు జరిగిన మోసాన్నే మీరు మరొకరికి చేసినవారవుతారు. భారతీయ న్యాయ సంహిత 318(4) సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరమది. పైగా మీ కేసుకు ప్రధాన సాక్ష్యమైన బండి కూడా చేయి దాటిపోతుంది.

ఇక దారి ఇది. పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, జవాబు వచ్చినా రాకపోయినా ఆగవద్దు. కన్సల్టెన్సీ కూకట్‌పల్లిలో ఉన్నా, మీరు నివసించే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కనుక ఫీజు లేదు. నగదు లక్షన్నరకు రసీదు లేదు కాబట్టి ఆ రోజుల్లో నగలు కుదువపెట్టిన పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్, ధర కుదిరిన మెసేజ్ జతపరచండి. బండి తిరిగి ఇచ్చి మొత్తం సొమ్ము వాపసు కోరండి. అది కుదరకపోతే అసలు విలువకూ చెల్లించిన ధరకూ మధ్య తేడాను, పరిహారంతో సహా ఇప్పించమని ప్రత్యామ్నాయంగా అడగండి. ఇంతకాలం వాడిన బండి కాబట్టి రెండోదే దక్కే అవకాశం ఎక్కువ. కేసు తేలేదాకా బండిని నడుపుకోవచ్చు. మీటర్ మీద మాత్రం ఏ మెకానిక్‌నూ చెయ్యి వేయనివ్వకండి, నేటి రీడింగ్‌ను తేదీ కనబడేలా ఫొటో తీసి ఉంచండి.