సైజో సాకే పండగకి వెళ్లాలా? హిరోషిమాకి కొత్తగా వచ్చిన మనవాళ్లకి

అక్టోబరులో హిరోషిమా యూనివర్సిటీలో చేరే మన పిల్లలకి బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు టెన్షన్ ఇంకా తీరకముందే ల్యాబ్‌లో పిలుపు వచ్చేస్తుంది: "ఈ శనివారం సైజోలో సాకే మత్సురి, వస్తావా?" సాకే అంటే బియ్యంతో చేసే జపాన్ మద్యం, మత్సురి అంటే పండగ. సైజో మన క్యాంపస్‌కి దగ్గరి ఊరు. ఇక నాకు మెసేజ్‌లే మెసేజ్‌లు. తాగనివాళ్లు వెళ్లొచ్చా అన్నా? వెజిటేరియన్లకి ఏమన్నా దొరుకుతుందా? ప్రొఫెసర్‌గారే పోస్తే వద్దంటే బాగుంటుందా?

వెళ్లండి. కాకపోతే అందరూ వెళ్లే దారిన వెళ్లకండి. ఊరి పార్కులో సాకే హిరోబా అని టికెట్టు పెట్టి ఒక పెద్ద ప్రాంగణం కడతారు. జపాన్ నలుమూలల నుంచి వచ్చిన సాకేలు వందల రకాలు అక్కడ ఉంటాయి. మొదటిసారి వెళ్లినవాళ్లు డబ్బులు కట్టాం కదా అని వరసపెట్టి రుచి చూస్తారు, సాయంత్రానికి ఏది ఏమిటో ఒక్కటీ గుర్తుండదు. నన్నడిగితే మొదటి ఏడాది ఆ టికెట్టు కొనొద్దు. సైజో స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, తెల్లగోడలు, ఎర్ర ఇటుకల పొగగొట్టాలు కనిపిస్తాయి. కమోత్సురు, కమోఇజుమి, హకుబోతాన్ లాంటి పేరున్న బ్రూవరీలు ఆ చుట్టుపక్కలే, నడిచి తిరిగేంత దూరంలో ఉన్నాయి. పండగ రోజుల్లో వాటి ముంగిళ్లలోనే సాకే పోస్తారు. పోసే మనిషి చాలాసార్లు ఆ బ్రూవరీలో పనిచేసే మనిషే. మీరు వెళ్లాల్సింది ఆ మనిషి దగ్గరికి.

జపనీస్ రాదే, ఏం మాట్లాడాలి అంటారా? బియ్యం గురించి అడగండి. బియ్యం తినే ఊళ్ల నుంచి వచ్చాం, మనకి ఆ మాత్రం తెలుసు. "కొమె వ నాని?" అంటే చాలు, యమదా నిషికి అనో, హిరోషిమాలోనే పండే హత్తన్ నిషికి అనో చెబుతారు. సాకే బియ్యపు గింజ మధ్యలో తెల్లటి పిండిగుండె ఉంటుంది. పైపొరల్లో ఉండే కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువైతే రుచి మొరటుగా వస్తుందని వాటిని అరగదీస్తారు. లేబుల్ మీద 60 శాతం అని ఉంటే, గింజలో 40 శాతం పొడిగా పోయి మిగిలింది 60 అన్నమాట. "గింజో" అనే మేలురకం పేరు పెట్టాలంటే మిగిలేది 60 శాతం దాటకూడదు, అంతకన్నా పై రకం "దైగింజో"కి 50. బియ్యం, కోజి (బూజు పట్టించిన బియ్యం), నీళ్లు తప్ప విడిగా ఆల్కహాల్ కలపకపోతే పేరులో జున్‌మై అని ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే బోర్డుల్లో సగం అర్థమైనట్టే.

రైస్ మిల్లులున్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. మన మిల్లుల్లో పాలిష్ మెషీన్ల మీదా, రంగు చూసి గింజలు ఏరే మెషీన్ల మీదా కనిపించే సటాకే అనే పేరు ఈ ఊరిదే. జపాన్‌లో కరెంటు, ఇంజను లాంటి శక్తితో నడిచే మొదటి బియ్యం పాలిష్ యంత్రాన్ని 1896లో తయారుచేసింది ఆ కంపెనీ స్థాపకుడే. రెండేళ్లకి, 1898లో, ఇక్కడికి దగ్గరలోని అకిత్సులో మియురా సెంజబురో అనే ఆయన ఖనిజాలు తక్కువున్న నీళ్లతో మంచి సాకే చేసే పద్ధతిని పుస్తకంగా అచ్చువేశాడు. అలాంటి నీళ్లలో ఈస్టు మందకొడిగా పనిచేస్తుంది. అందుకని ఆయన కోజిని గింజ లోపలిదాకా బాగా పట్టించి, చల్లగా, నిదానంగా పులియబెట్టాడు. హిరోషిమా సాకే మెత్తగా ఉంటుందని పేరు రావడానికి కారణం అదే. మా నాన్నగారిది మిల్లు అని ఒక్క మాట చెప్పి చూడండి, అవతలి పెద్దాయన లోపలికెళ్లి బియ్యం నమూనా తెచ్చి మీ అరచేతిలో పోసినా ఆశ్చర్యపోను.

ఎంత తాగాలి అన్నది మీ ఇష్టం, లెక్క మాత్రం తెలుసుకోండి. సాకేలో ఆల్కహాల్ సాధారణంగా 15, 16 శాతం ఉంటుంది. నీళ్లు కలపని గెన్షు అయితే అంతకన్నా ఎక్కువ. ఇక్కడి కొలత ఒక "గో" అంటే 180 మిల్లీలీటర్లు, మన క్వార్టరు సీసా అంతే. చిన్న కప్పు 30 మిల్లీలీటర్లు అనుకుంటే ఆరు కప్పులకి ఒక గో. తియ్యగా, చల్లగా దిగిపోతుంది కాబట్టి ఆరు కప్పులు అరగంటలో అయిపోతాయి. ప్రతి కప్పుకీ అంతే నీళ్లు తాగండి. బ్రూవరీ బావుల నీళ్లు అక్కడే పట్టుకుని తాగవచ్చు. ఉమ్మడానికి పాత్ర పెట్టి ఉంటే ఉమ్మేయడం తప్పేం కాదు, వృత్తిలో ఉన్నవాళ్లూ అదే చేస్తారు. సెంటు మాత్రం కొట్టుకుని వెళ్లకండి, పక్కవాళ్లకి సాకే వాసన తెలియకుండా పోతుంది.

అసలు తాగనివాళ్లు "ఒసాకే వ నోమెమసెన్" అని నవ్వుతూ చెప్పండి. ప్రొఫెసర్ కూడా ఏమీ అనుకోరు. కన్‌పాయ్ (చీర్స్) అన్నప్పుడు చేతిలో టీ గ్లాసు ఉంటే చాలు. అమజాకే అనే తియ్యటి బియ్యపు పానీయం ఇస్తే మాత్రం దేనితో చేశారో అడగండి. కోజితో చేసినదాంట్లో ఆల్కహాల్ ఉండదు, సాకే పిండిన పిప్పితో చేసినదాంట్లో కొంచెం ఉంటుంది. వయసు ఇరవై నిండనివాళ్లు ఆశ పెట్టుకోకండి. 2022లో మేజర్ వయసు 18కి తగ్గినా తాగడానికి మాత్రం ఇప్పటికీ 20 ఏళ్లే. జైర్యూ కార్డు (విదేశీయుల నివాస కార్డు) ఎలాగూ జేబులో ఉండాల్సిందే.

తిండి సంగతి కష్టమే. ఈ ఊరి ప్రత్యేకత బిషు నాబె అనే కుండ వంటకం. సాకే పోసి ఉడికిస్తారు కానీ అందులో పంది మాంసం, కోడి రెండూ ఉంటాయి. తోఫు మీద చేప తురుము, ఓదెన్ అనే ఉడకబెట్టిన వంటకం రసంలోనూ చేప. శాకాహారులు ఇంట్లో పెరుగన్నం తిని బయల్దేరితే కడుపు ఖాళీగానూ ఉండదు, వెతుకులాటా ఉండదు. ఉమెబోషి ఓనిగిరి (ఊరబెట్టిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద) ఒకటి బ్యాగులో వేసుకోండి.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. సైకిల్ మీద వెళ్లకండి. క్యాంపస్ నుంచి స్టేషన్‌కి బస్సుంది, హిరోషిమా నుంచి వచ్చేవాళ్లకి రైలుంది. 2024 నవంబరు నుంచి మందు తాగి సైకిల్ తొక్కినా మూడేళ్ల దాకా జైలు లేదా 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా పడొచ్చు. తాగుతాడని తెలిసి సైకిల్ ఇచ్చినవాళ్లకీ, తొక్కుతాడని తెలిసి పోసినవాళ్లకీ శిక్ష ఉంది. కారు సంగతి చెప్పనే అక్కర్లేదు, తాగాడని తెలిసీ తీసుకెళ్లమని అడిగి పక్కన కూర్చున్నా కేసే. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ జరిమానాతో పోయేది కాదు.

పండగ రద్దీ పడనివాళ్లు చలికాలంలో ఒక మామూలు రోజు రండి. సాకే తయారుచేసేది అప్పుడే, వాకిట్లో వేలాడే దేవదారు ఆకుల బంతి కూడా అప్పుడే పచ్చగా ఉంటుంది. లోపల చూపించే చోటికి వెళ్తుంటే ఆ పొద్దున నత్తో (పులియబెట్టిన సోయా గింజలు) తినకండి. దానిలోని బ్యాక్టీరియా కోజిని పాడుచేస్తుందని వాళ్ల భయం, భయం నిజమే. ఫొటో అడిగి తీయండి. బేరం ఆడకండి. కొనమని ఎవరూ బలవంతపెట్టరు కానీ, అరగంట సేపు మాట్లాడించి ఒక్క చిన్న సీసా అయినా కొనకుండా రావడం నాకైతే నచ్చదు.

ఇంటికి తీసుకెళ్లాలంటే ఇండియాలో ఒక్కొక్కరికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు. 720 మిల్లీలీటర్ల సీసాలు రెండు సరిపోతాయి, చెక్-ఇన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టండి. నమజాకే అని రాసి ఉన్నది మాత్రం వద్దు. అది వేడి చేయని సాకే, ఫ్రిజ్‌లోనే ఉండాలి, హైదరాబాద్ చేరేసరికి రుచి మారిపోతుంది.