మీ ప్రశ్న, మా జవాబు: వలంటీర్లకు చాట్ గ్రూపులు ఎన్నుండాలి?

ప్రశ్న: లిబ్రెఆఫీస్ (ఎమ్మెస్ ఆఫీసు లాంటిదే, ఉచితం) లాంటి ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లను, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండేవాటిని, తెలుగులోకి తెచ్చే చిన్న బృందం మాది. భీమవరం ఇంజనీరింగ్ పిల్లలు, పాలకొల్లు, రాజోలు వైపు ఉద్యోగులు కొందరు, రిటైరైన తెలుగు మాస్టారొకరు, దుబాయ్‌లో ఉన్న మావాళ్ళు... మొత్తం నలభై మందికి పైనే. అందరం ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నామండి. శుభోదయం బొమ్మల్లో, పెళ్ళి శుభలేఖల్లో అసలు పని కొట్టుకుపోతోంది. ఇలా కాదని ఒక కుర్రాడు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో పదిహేను చానళ్ళు (విషయానికో చాట్ గది) తెరిచాడు. చాలావాటిల్లో పలకరించే దిక్కు లేదు. ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పదిహేనా! పెద్ద కాలవలో నీళ్ళే అంతంతమాత్రంగా ఉంటే పిల్లకాలవలు తవ్వుకుంటూ పోయినందువల్ల శివారు చేలకు ఏం అందుతుందో కోనసీమ వాళ్ళకు నేను చెప్పాలా? కొత్తగా చేరిన అమ్మాయి 'ఫాంట్లు' అనే చానల్లో ఏదో అడుగుతుంది, అక్కడ ఎవరూ ఉండరు, రెండు రోజులు చూసి వెళ్ళిపోతుంది, మనం మాత్రం వలంటీర్లు నిలబడట్లేదని వాపోతాం.

మీకు మూడు చాలు. కొత్తవాళ్ళు అడగడానికి ఒకటి, పని మాట్లాడుకోవడానికి ఒకటి, కబుర్లకు ఒకటి. కబుర్లది దండగ అనుకోకండి, జగ్గన్నతోట ప్రభల ఫొటోలకు ఎక్కడో ఒక చోటు ఇవ్వకపోతే అవి పని గ్రూపులోకే వస్తాయి. గడువులు చెప్పడానికి ఇద్దరే రాయగలిగే ప్రకటనల చానల్ కూడా ఒకటి పెట్టుకోండి, అందులో మాటలుండవు కాబట్టి దాన్ని లెక్కలో వేయలేదు.

విడదీసేటప్పుడు ఏ విషయం అని కాదు, ఎవరు జవాబు చెప్పాలి అని చూడండి. ఫాంట్లకైనా ఫైర్‌ఫాక్స్‌కైనా జవాబిచ్చేది ఆ నలుగురే అయితే రెండు చానళ్ళు దేనికి? ఒక విషయం మీద మాటలు పెరిగి మిగతావాళ్ళు "బాబూ, అది వేరేచోట మాట్లాడుకోండి" అని విసుక్కున్నప్పుడు కొత్తది తెరవచ్చు. అంతకుముందు వద్దు.

కొత్తవాళ్ళ చానల్‌కి వారానికొకరు వంతు వేసుకోండి, ఆ వారం ఎవరిదో పేరు పైన కనపడాలి. "ఎవరైనా చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. వెబ్‌లేట్‌లో (మనం అనువాదాలు చేసే వెబ్‌సైట్) ఖాతా ఎలా తెరవాలి, ముందు ఏ భాగం అనువదించాలి, మనుషులు ఏ వేళకు దొరుకుతారు, ఈ మూడూ పిన్ చేసి ఉంచండి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, కాబట్టి రాత్రి పదిన్నరకి వచ్చే ప్రశ్నలకు అక్కడివాళ్ళే దిక్కు.

నాకు వీటన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇంకోటి ఉంది. చాట్‌లో తేలినదాన్ని చాట్‌లోనే వదిలేయకూడదు. ఒక మాట మీద మాస్టారికీ పిల్లలకీ రెండు రోజులు వాదన జరిగి ఏదో ఒకటి ఖాయమైందంటే అది ఆ రోజే వెబ్‌లేట్ పదకోశంలోకి ఎక్కాలి, బగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పు) అయితే వాటిని నమోదు చేసే బగ్‌జిల్లా సైట్‌లోకి. ఎక్కించకపోతే కొత్త బ్యాచ్ రాగానే అదే గొడవ మొదటినుంచి. లిబ్రెఆఫీస్‌కి ఏడాదికి రెండు పెద్ద విడుదలలు, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. ఫిబ్రవరి విడుదలకు చివరి సవరణలు చేయాల్సిన రోజులు సరిగ్గా సంక్రాంతి మీద పడతాయి, అప్పుడు మీ గోదావరి జిల్లాల్లో ఎవరు ఎక్కడ ఉంటారో తెలిసిందే కదా. డిసెంబరులోనే ముగించేలా ప్రకటన పెట్టండి.

ఇక ఎక్కడ అంటే, వాట్సాప్‌లో మీ నంబరు గ్రూపులో ఉన్న ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ కనపడుతుంది. కాలేజీ అమ్మాయిలున్న బృందానికి నేను వద్దనడానికి అదొక్కటి చాలు. స్లాక్ అనే చాట్ యాప్ ఉచిత ఖాతాలో 90 రోజుల కిందటి మాటలు కనపడవు. జూలిప్ అనే ఇంకో చాట్ యాప్‌లో ప్రతి సంభాషణకూ విడిగా ఒక శీర్షిక ఉంటుంది, అది ఓపెన్‌సోర్స్, ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు ఉచితం కూడా, నాకు ఇష్టమైనది అదే. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మోజిల్లా 2020లో తన పాత ఐఆర్‌సీ (తొలినాటి ఇంటర్నెట్ చాట్) మూసేసి మ్యాట్రిక్స్ అనే ఓపెన్‌సోర్స్ చాట్‌కి వెళ్ళింది. అయినా మీ మాస్టారు ఫోన్లో ఇబ్బంది లేకుండా తెరవగలిగేదే మీకు మంచిది, కాబట్టి టెలిగ్రామ్‌తో మొదలుపెట్టండి. నంబరు దాచుకోవచ్చు, ఒకే గ్రూపులో టాపిక్‌లు విడదీయచ్చు. దాని సర్వర్ ఓపెన్‌సోర్స్ కాదని పిల్లలు గోల చేస్తే (చేస్తారు, చేయాలి కూడా) రెండు చాట్‌లను కలిపే మ్యాటర్‌బ్రిడ్జ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మ్యాట్రిక్స్ గదికి కలపండి, ఇక్కడి మాట అక్కడా కనపడుతుంది.

ప్రశ్న: గ్రూపులో అడగకుండా అందరూ నాకే విడిగా మెసేజ్‌లు పెడుతున్నారు. జవాబివ్వకపోతే బాధపడతారని టెన్షన్.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: "గ్రూపులో అడగండి, అక్కడే చెప్తాను" అని రాసి నిజంగానే అక్కడ చెప్పండి. విడిగా చెప్పిన జవాబు ఒక్కరికే పనికొస్తుంది, రేపు ఇంకొకరికి మళ్ళీ మీరే టైప్ చేయాలి. వ్యక్తిగత ఫిర్యాదులు మాత్రం విడిగానే వినాలి.

ప్రశ్న: ఐఆర్‌సీ అనేది ఇంకా ఉందా?
– ఒక విద్యార్థి, రామచంద్రపురం

జవాబు: 1988లో ఫిన్లాండ్‌లో పుట్టింది, ఇంకా ఉంది. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే వాళ్ళు ఇప్పటికీ వాడతారు. 2021లో ఫ్రీనోడ్ అనే పెద్ద ఐఆర్‌సీ నెట్‌వర్క్‌లో పెత్తనం ఎవరిదన్న తగాదా వచ్చి, నడిపే వలంటీర్లు చాలామంది బయటికొచ్చి లిబెరా చాట్ అనే వేరే నెట్‌వర్క్ పెట్టుకున్నారు, ఎన్నో ప్రాజెక్టులు వాళ్ళ వెనకే మారాల్సొచ్చింది. పైన అమలాపురం వారికి కూడా ఇది పనికొస్తుంది. ఆ డిస్కార్డ్ ఒక్క కుర్రాడి ఖాతా మీదే ఉంటే, అతను హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్ళేలోపు ఇంకో ఇద్దరిని అడ్మిన్లుగా పెట్టించండి.